టాలిలిన్ తొలి ఏళ్లు: పట్టాలను పట్టి ఉంచింది గడ్డేనా?

పలకరాయి (బర్మింగ్‌హామ్)

అందరికీ నమస్కారం. వేల్స్ పడమటి తీరంలో టివిన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుంచి కొండల్లోకి ఏడు మైళ్ల పైచిలుకు దూరం వెళ్లే సన్నగేజి (గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం) రైలు పేరు టాలిలిన్. మూతపడబోయిన రైలును జీతం తీసుకోని ఔత్సాహికులు చేతుల్లోకి తీసుకుని నడపడం ప్రపంచంలో ఇక్కడే మొదలైంది. దాని గురించి రాసేవాళ్లంతా "ప్రేమ ఉంటే చాలు, రైలు దానంతట అదే నడుస్తుంది" అన్న ధోరణిలో రాస్తారు. నాకు ఆ కథ మీద నమ్మకం లేదు. 1950 నుంచి 1954 దాకా అక్కడ జరిగింది చూస్తే, ప్రేమకన్నా చట్టంలో సందులు, అరిగిన చక్రాలు, పాత సిబ్బంది ఓపిక ఎక్కువ పనిచేశాయనిపిస్తుంది.

ముందు సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిన్ ఎగ్లూయిస్ అనే పలకరాయి గని నుంచి సరుకు దింపడానికి 1865లో ఈ దారి వేశారు, మరుసటి ఏడాది ప్రయాణికులనూ ఎక్కించుకున్నారు. మన మార్కాపురం పలకలు బడిపిల్లల చేతికి వెళ్తే, ఈ గని రాయి ఇళ్ల కప్పుల మీదికి వెళ్లింది. 1911లో గనినీ రైలునూ సర్ హెన్రీ హేడన్ జోన్స్ కొన్నారు. ఆయన 1910 నుంచి 1945 దాకా ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు. 1946 డిసెంబరులో గని కూలింది, రాయి తీయడం ఆగిపోయింది. రైలుకు పని లేకుండా పోయినా, తాను బతికి ఉన్నంతకాలం నడుపుతానని ఆయన మాట ఇచ్చారు. నష్టం వస్తున్నా వేసవిలో వారానికి కొన్ని రోజులు నడిపించారు. 1950 జులైలో ఆయన పోయారు.

ఆ అక్టోబరు 11న రైలును కాపాడే సొసైటీ పెట్టడానికి బర్మింగ్‌హామ్‌లో ఇంపీరియల్ హోటల్‌లో ఒక సమావేశం జరిగింది. పిలిచినవాళ్లలో ముఖ్యుడు ఎల్.టి.సి. రోల్ట్. ఇంజనీరు, రచయిత, అంతకు ముందు పాత కాలువల రక్షణ కోసం సంఘం పెట్టినవాళ్లలో ఒకడు. సర్ హేడన్ భార్య రైలు షేర్లను, వాటిని చేతిలో ఉంచుకోవడానికి పెట్టిన కొత్త హోల్డింగ్ కంపెనీకి అప్పగించారు. 1951 మే 14న టివిన్ నుంచి రిడరోనెన్ దాకా, అంటే రెండు మైళ్ల పైచిలుకు, సొసైటీ వారి మొదటి రైలు నడిచింది.

ఏడు నెలల్లో ఇదంతా ఎలా సాధ్యమైంది? ఇక్కడ రైల్వేలో పనిచేసినవాళ్లు ఉన్నారు కదా, చెప్పండి.

సందేహాలరావు

ధనిక దేశం, తీరిక ఉన్న జనం, బొమ్మ రైలు. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏముంది?

పలకరాయి

రావు గారూ, 1951 బ్రిటన్‌లో మాంసం ఇంకా రేషన్ మీదే ఇచ్చేవారు, రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లో. పెట్రోలు రేషన్ పోయి ఏడాదే అయింది. బర్మింగ్‌హామ్ నుంచి టివిన్‌కు రోడ్డు మీద వంద మైళ్లకు పైనే. వారమంతా ఫ్యాక్టరీలో పనిచేసి శనివారం అంత దూరం వెళ్లి, పార పట్టి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలి. దీన్ని తీరిక అంటే నేనేమీ అనలేను.

పాత వకీలు (గుంటూరు)

చట్టం సంగతి నాకు వదిలేయండి.

ఆ కాలంలో ఎవరైనా కొత్తగా రైలు నడపాలంటే అనుమతుల కోసమే సంవత్సరాలు పట్టేది. టాలిలిన్ వాళ్లకు ఆ బాధ తప్పింది, ఎందుకంటే 1865లో పార్లమెంటు చేసిన చట్టం ఇంకా బతికే ఉంది. ఆ చట్టం కింద ఏర్పడిన కంపెనీ కూడా బతికే ఉంది. సొసైటీ వాళ్లు కొత్త రైలు పెట్టలేదు, పాత కంపెనీ పగ్గాలు పట్టుకున్నారంతే. 1947లో బ్రిటన్ రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఈ రైలును ఆ జాబితాలో చేర్చలేదు. మరిచిపోయారా, వద్దనుకున్నారా అన్నది వేరే చర్చ. చేర్చి ఉంటే పక్క లోయలోని కోరిస్ రైలుకు పట్టిన గతే పట్టేది. కోరిస్‌ను 1930లో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ కొంది, జాతీయం అయ్యాక 1948లో మూసేశారు.

ఇంకో విచిత్రం వినండి. ఉత్తరాన ఫెస్టినియోగ్ రైలు ఉంది. దాని చట్టం 1832 నాటిది. అందులో రైలు ఎలా వేయాలో రాశారు, ఎలా మూయాలో రాయలేదు. 1946లో కంపెనీ చేతులెత్తేసినా, చట్టప్రకారం మూసేయాలంటే పార్లమెంటులో మళ్లీ చట్టం చేయించాలి, దానికి డబ్బు లేదు. అందుకని పట్టాలు పీకకుండా అలాగే వదిలేశారు. ముళ్లకంపల కింద ఎనిమిదేళ్లు పడి ఉన్నాయి. 1954లో ఆలన్ పెగ్లర్ అనే వ్యాపారి కంపెనీని చేతికి తీసుకునేసరికి పట్టాలు, ఇంజన్లు ఎక్కడివక్కడ దొరికాయి. రాసినవాళ్ల మతిమరుపు ఒక రైలును బతికించింది! నా వృత్తిలో ఇలాంటివి అరుదుగా తగులుతాయి.

బొగ్గుమసి (కాజీపేట)

లోకో షెడ్డులో మసి పూసుకున్నవాణ్ని. పట్టాల సంగతి చెబుతాను, కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

టాలిలిన్ గేజి 2 అడుగుల 3 అంగుళాలు. చాలా అరుదైన కొలత. అంటే ఇంకెక్కడి నుంచో ఇంజను తెచ్చి పెట్టుకోవడం దాదాపు అసాధ్యం. సొంత ఇంజన్లు రెండే ఉన్నాయి. ఒకటో నంబరు టాలిలిన్, రెండో నంబరు డోల్‌గోచ్. రెండూ 1860ల్లో ఫ్లెచర్ జెన్నింగ్స్ కంపెనీ వైట్‌హేవెన్‌లో చేసినవే. 1951 నాటికి మొదటిది కదిలే స్థితిలో లేదు. డోల్‌గోచ్ వయసు 85 ఏళ్లు, లోపల ఎంత అరిగిందో చెప్పనక్కర్లేదు. ఆ ఒక్కదాని మీద సీజనంతా నడపాలి.

అదృష్టం చూడండి. కోరిస్ రైలుదీ సరిగ్గా ఇదే గేజి. మూతపడ్డాక దాని చివరి రెండు ఇంజన్లు మహంతెలత్ స్టేషన్‌లో పడి ఉన్నాయి. వాటి నంబర్లు 3, 4. సొసైటీ వాళ్లు ఒక్కోటి 25 పౌండ్లకు కొన్నారు. నంబరు ప్లేటు మార్చే ఖర్చు కూడా మిగిలింది. మూడో దానికి సర్ హేడన్ అనీ, నాలుగో దానికి ఎడ్వర్డ్ థామస్ అనీ పేర్లు పెట్టారు. థామస్ అంటే ఆ రైలు పాత మేనేజరు.

ఇక్కడే చిక్కు వచ్చింది. సర్ హేడన్‌ను పట్టాల మీదికి ఎక్కిస్తే పట్టాల మధ్యన దిగబడింది. ఎందుకంటే టాలిలిన్ స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే చెక్కదుంగలు, కుళ్లిపోయి, పట్టాలు రెండూ ఒకదానికొకటి దూరం జరిగిపోయాయి. చాలాచోట్ల పట్టాలను కదలకుండా పట్టి ఉంచింది గడ్డి వేళ్లే అన్నది అతిశయోక్తి ఏమీ కాదు. డోల్‌గోచ్ చక్రాల టైర్లు, అంటే చక్రం చుట్టూ ఉండే లోహపు పట్టీలు, వెడల్పు. పట్టా కొంచెం పక్కకు జరిగినా చక్రం ఇంకా దాని మీదే ఆనుతుంది. కోరిస్ ఇంజన్ల టైర్లు సన్నవి. వాటికి గేజి ఉన్నది ఉన్నట్టు ఉండాలి, లేకపోతే చక్రం జారి లోపల పడుతుంది.

కాబట్టి ఆ సంవత్సరం రైలును నడిపింది కొత్తగా కొన్నవి కావు, అందరూ "ఇక పనికిరాదు" అన్న ముసలి ఇంజనే. మంచి ఇంజన్ తెచ్చినా మంచి పట్టా లేకపోతే ఏం చేస్తాం? ఈ పాఠం నేర్చుకున్నాకే వాళ్లు రంగు బ్రష్షులు పక్కన పెట్టి పారలు పట్టుకున్నారు.

పలకరాయి

బొగ్గుమసి గారూ, సన్న టైర్ల సంగతి ఇంత తేటగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. నాలుగో ఇంజను కథ కూడా పూర్తి చేయండి.

బొగ్గుమసి (కాజీపేట)

చేస్తాను తమ్ముడూ. ఎడ్వర్డ్ థామస్‌ను 1921లో కెర్ స్టువర్ట్ కంపెనీ చేసింది. ఆ కంపెనీ మూతపడ్డాక దాని డ్రాయింగులు, పేరు హన్స్‌లెట్ కంపెనీ చేతికి వచ్చాయి. లీడ్స్‌లోని ఆ హన్స్‌లెట్ వాళ్లే ఇంజనును ఉచితంగా బాగుచేసి 1952లో పంపారు. రోల్ట్ కుర్రతనంలో పని నేర్చుకున్నది కూడా కెర్ స్టువర్ట్‌లోనే. అలాంటి పరిచయాలు ఎంత పనిచేస్తాయో కార్ఖానాల్లో తిరిగినవాళ్లకు తెలుసు. ఉత్తరం రాస్తే రాని విడిభాగం ఒక్కోసారి "మీ దగ్గర అప్రెంటిస్‌గా ఉన్నానండీ" అన్న మాటకు వస్తుంది.

నౌపడ జంక్షన్ (టెక్కలి)

మీరంతా వేల్స్ గురించి చెప్పుకుంటుంటే నాకు మా పర్లాకిమిడి రైలు గుర్తుకొచ్చి కడుపు మండుతోంది. పర్లాకిమిడి మహారాజు వేయించిన లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలైంది, తర్వాత గుణుపూరు దాకా పొడిగించారు. గేజి రెండున్నర అడుగులు. టెక్కలి, పాతపట్నం మీదుగా పోయేది. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజి వేశారు. 2011 నాటికి గుణుపూరుకు పెద్ద రైలు చేరింది.

పెద్ద రైలు వద్దని అనను. మా ఊరివాళ్లకు ఇప్పుడు విశాఖ వెళ్లడం సులువైంది. కానీ ఒక ఐదారు కిలోమీటర్ల చిన్నపట్టా ఉంచి, సెలవు రోజుల్లో నడపడానికి మేమే ముందుకొచ్చి ఉంటే? ఎవరిని అడగాలి? ఇంజన్లను స్టేషన్ల ముందు రంగేసి నిలబెట్టి వారసత్వం అన్నారు. ఆవిరి లేని ఇంజనుకు దండ వేస్తే అది విగ్రహమే.

పాత వకీలు (గుంటూరు)

నౌపడ గారూ, మీ ప్రశ్నకు జవాబు పైన నేను రాసినదాంట్లోనే ఉంది. టాలిలిన్ దొరికింది అది ప్రైవేటు కంపెనీ కాబట్టి. మన దగ్గర లైను, భూమి, ఇంజను అన్నీ కేంద్ర ప్రభుత్వానివే. డార్జిలింగ్ 1999లో, నీలగిరి 2005లో, కాల్కా సిమ్లా 2008లో యునెస్కో జాబితాలో చేరాయి. మూడూ భారతీయ రైల్వేయే నడుపుతోంది. అదే ఒక పద్ధతి, దానికి దాని మంచి ఉంది: ఉద్యోగులకు జీతం, రోజూ రైలు. ఊరివాళ్లు వచ్చి పార పట్టుకుంటామంటే మాత్రం వాళ్లను కూర్చోబెట్టే కుర్చీ ఆ ఆఫీసులో లేదు.

మాధవి (మెల్బోర్న్)

ఇక్కడి పఫింగ్ బిల్లీ గురించి ఎవరూ చెప్పలేదేమిటి? మెల్బోర్న్ తెలుగువాళ్లలో ఆ రైలెక్కి, కిటికీ కమ్మీ మీద కూర్చుని కాళ్లు బయటికి వేలాడదీసి ఫొటో దిగనివాళ్లు తక్కువ. చాలామందికి అది ప్రభుత్వం పెట్టిన విహార రైలు అనే అభిప్రాయం ఉంది. దాని పుట్టుక వేరు.

బెల్‌గ్రేవ్ దాటాక కొండల్లో ఉన్న ఆ సన్నగేజి లైను మీద 1953లో కొండచరియ విరిగిపడింది. అప్పటికే నష్టాల్లో ఉంది, మరుసటి ఏడాది మూసేశారు. 1955లో రక్షణ సంఘం ఏర్పడింది. పడిన చరియను తొలగించడం అయ్యే పని కాదు, పక్క నుంచి కొత్త దారి తవ్వాలి. స్వచ్ఛంద సభ్యులతో పాటు సైన్యపు పౌర దళాల ఇంజనీర్లు వచ్చి చేశారు. 1962లో మెంజీస్ క్రీక్ దాకా, 1965లో ఎమరాల్డ్ దాకా, 1975లో లేక్‌సైడ్ దాకా, 1998లో చివరి ఊరు గెంబ్రూక్ దాకా. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకు 36 ఏళ్లు! మా పక్కింటి పెద్దాయన సెలవు రోజుల్లో అక్కడ గార్డుగా వెళ్తారు. "ఎప్పుడు పూర్తవుతుందని అడగకూడదమ్మా, ఈ శనివారం ఏ పని ఉందో అడగాలి" అంటారు.

సందేహాలరావు

అదిగో, సైన్యం! టాలిలిన్‌లో కూడా సైన్యమే వచ్చిందని చదివాను. ఔత్సాహికులు జెండా ఊపారు, సిపాయిలు కంకర మోశారు. పేరు మాత్రం ఔత్సాహికులది.

బొగ్గుమసి (కాజీపేట)

వచ్చింది నిజమే. ప్రాదేశిక సైన్యపు ఇంజనీర్లు శిక్షణలో భాగంగా కొంత పట్టా మార్చి వేశారు. కానీ రావు గారూ, వాళ్లు వచ్చి వెళ్లిపోయారు. పట్టా పని అలా వెళ్లిపోయేది కాదు. ఈ ఏడాది వేసిన స్లీపరు కింద వానాకాలం కంకర జారుతుంది, మళ్లీ కొట్టాలి. మా గ్యాంగుల్లో కీమన్ రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు నడిచి, పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే కీలు బిగించేవాడు. ఆ నడక టాలిలిన్‌లో ఎవరు నడిచారో అడగండి. సైన్యానికి దక్కవలసిన పేరు దక్కాలి, మిగతాది వానలో నడిచినవాళ్లది.

పలకరాయి

దీనికి ఒక మాట చేరుస్తాను. నడిచినవాళ్లలో జీతం తీసుకునే పాత సిబ్బంది కూడా ఉన్నారు, వాళ్లను మరిచిపోతున్నాం. ఎక్కడ మలుపులో పట్టా మోసం చేస్తుందో, ఏ వంపు దగ్గర ఇంజను అలిసిపోతుందో వాళ్లకే తెలుసు. పట్నం నుంచి వచ్చిన చదువుకున్న కుర్రాళ్లు ఇంజను ఎక్కడానికి పోటీ పడేవాళ్లు. గడ్డి పీకడానికి అంత పోటీ ఏ సంఘంలోనూ ఉండదు.

ఆ రైలుకున్న వింతల్లో నాకు బాగా నచ్చింది తలుపుల సంగతి. 1866లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు కెప్టెన్ టైలర్ వచ్చి చూస్తే, వంతెనల కింద పెట్టెకూ గోడకూ మధ్య రెండడుగుల జాగా కూడా లేదు. ప్రమాదంలో తలుపు తీసి దిగడానికి వీల్లేదు. వంతెనలు పగలగొట్టి మళ్లీ కట్టే స్తోమత కంపెనీకి లేదు. అందుకని పట్టాలను వంతెన కింద ఒక పక్కకు జరిపి, పెట్టెలకు రెండో పక్క తలుపులను శాశ్వతంగా మూసేశారు. దారి పొడవునా ప్లాట్‌ఫారాలన్నీ ఒకే వైపు ఉంటాయి. టికెట్ల సంగతీ అంతే. చిన్న స్టేషన్లలో గుమాస్తాను పెట్టే స్తోమత లేక గార్డు పెట్టెకే కిటికీ పెట్టి అక్కడి నుంచి టికెట్లు అమ్మేవారు. 1951లో వచ్చినవాళ్లకు ఇలా ఇరుకులో సర్దుకునే తెలివి వారసత్వంగా దొరికింది. కొత్త పెట్టుబడి పెట్టగలిగిన కంపెనీ అయితే ఈ లైను ఎప్పుడో రూపు మారిపోయేది.

కొత్తసభ్యురాలు

నమస్తే అండీ. మా బాబుకు థామస్ రైలు బొమ్మలంటే ప్రాణం. ఆ కథలకూ ఈ రైలుకూ సంబంధం ఉందని విన్నాను, నిజమేనా?

పలకరాయి

నిజమేనమ్మా. ఆ కథలు రాసిన పాస్టరు విల్బర్ట్ ఆడ్రీ 1952లో టాలిలిన్‌లో స్వచ్ఛంద గార్డుగా పనిచేశారు. ఒకసారి ఫలహారాలు అమ్మే ఆవిడ ఎక్కకముందే ఈయన విజిలు ఊదితే రైలు వెళ్లిపోయింది. ఆ ముచ్చటే తర్వాత ఆయన కథల్లో ఒకటయింది. బాబుకు చెప్పండి, గార్డులు కూడా పొరపడతారని.

కొండదారి (మాంచెస్టర్)

ఇంతసేపూ అందరూ ఉన్న పట్టాలను కాపాడటం గురించే మాట్లాడుతున్నారు. కట్టడం గురించి మాట్లాడాలంటే ఫెస్టినియోగ్‌కు రావాలి. వకీలు గారు చెప్పిన పెగ్లర్ కాలంలో అది అంచెలంచెలుగా తెరుచుకుంది. 1955లో సముద్రపు కట్ట దాటి బోస్టన్ లాడ్జ్ దాకా, 1958లో టాన్ ఎ బుల్చ్ దాకా. ఈలోగా పైన కొండల్లో విద్యుత్ బోర్డు నీళ్లు పైకి తోడే జలవిద్యుత్ కేంద్రం కట్టింది. కింది జలాశయం రైలుదారిని ముంచేసింది. పాత సొరంగం అవతలి మొన నీళ్లపాలైంది. పరిహారం కోసం కోర్టులో ఏళ్ల తరబడి పోరాడుతూనే ఉన్నారు, అది తేలింది 1970ల్లో.

డబ్బు వచ్చేదాకా ఆగలేదు. 1965 జనవరిలో, చలికాలం నడిమధ్యన, డువాల్ట్ దగ్గర గునపాలతో తవ్వడం మొదలుపెట్టారు. జలాశయం కన్నా పైకి వెళ్లాలంటే ఎత్తు కావాలి, ఎత్తుకు చోటు లేదు. అందుకని లైను గుండ్రంగా తిరిగి తన మీదుగా తానే వంతెన దాటేలా మెలిక వేశారు. బ్రిటన్‌లో ప్రయాణికుల రైలు ఇలా తన మీదుగా తానే వెళ్లే చోటు ఇదొక్కటే. విద్యార్థులు, ఇంజనీర్లు, గుమాస్తాలు వారాంతాల్లో వచ్చి రాయి కొట్టారు. ఇంతా చేసి చివర ఒక గట్టు అడ్డం వచ్చింది. దాన్ని తవ్వడానికి మాత్రం కార్న్‌వాల్ తగరపు గనుల్లో పనిచేసినవాళ్లను జీతానికి తెచ్చారు. 1975 నుంచి 1977 దాకా కొత్త సొరంగం తవ్వారు. 1978లో రైలు టానగ్రిసియా చేరింది, 1982లో బ్లైనై ఫెస్టినియోగ్.

గునపంతో మొదలుపెట్టి 13 ఏళ్లు. రావు గారూ, దీన్ని కూడా బొమ్మ రైలు అంటారా?

సందేహాలరావు

సొరంగం దగ్గర జీతగాళ్లను పెట్టారని మీరే రాశారు. అదే నేను అనేది. కష్టమైన చోట డబ్బు కావాలి.

కొండదారి (మాంచెస్టర్)

కావాలి. ఎవరూ కాదనలేదు. గనిలో మందుగుండు పెట్టడం శనివారపు సరదా కాదని వాళ్లకు తెలుసు. ఏది తాము చేయగలమో, ఏది చేయకూడదో తెలిసినవాళ్లు కాబట్టే లైను నిలిచింది.

నౌపడ జంక్షన్ (టెక్కలి)

నాకు ఒక్క సందేహం. జీతం లేని మనిషి పనికి ఆలస్యంగా వస్తే, సిగ్నల్ సరిగా చూడకపోతే ఎవరు అడుగుతారు? మా ఊళ్లో ఇలాంటిది పెడితే మొదటి నెలలోనే అధ్యక్షుడెవరన్న దగ్గర ఆగుతుంది.

బొగ్గుమసి (కాజీపేట)

అక్కడ కూడా అధ్యక్షుడి గొడవలు ఉంటాయి, దాని గురించి బెంగ పడకండి. రోల్ట్ అంతటివాణ్నే 1951లో ఆయన పెట్టిన కాలువల సంఘం బయటికి పంపేసింది. రైలు మీద మాత్రం నియమాలు జీతాన్ని చూడవు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేది పట్టాను, బ్రేకును, బాయిలరును. ఇప్పుడు అక్కడ ఇంజను ఎక్కాలంటే నియమాల పరీక్ష రాయాలి, కళ్లు చూపించుకోవాలి, క్లీనరు నుంచి ఫైర్‌మన్, ఫైర్‌మన్ నుంచి డ్రైవరు, మెట్టు మెట్టుగా ఏళ్లు పడుతుంది. నేను షెడ్డులో చేరినప్పటి పద్ధతి కూడా అదే. తేడా ఒక్కటే, నాకు నెలాఖరున జీతం కవరు వచ్చేది.

పలకరాయి

నౌపడ గారూ, వచ్చే వేసవిలో ఇటు వస్తే చెప్పండి, టివిన్ వెళ్దాం. డోల్‌గోచ్ అనే చోట (ఇంజనుకున్న పేరే) 51 అడుగుల ఎత్తు వంతెన ఉంది, దాని పక్కనే జలపాతం. పాత రాతి రవాణా లైను మీద 1976లో పొడిగించిన చివరి స్టేషన్ నాంట్ గ్వెర్నాల్ దాకా వెళ్లవచ్చు. వాన గొడుగు తప్పనిసరి. గడ్డి పీకే పనికి పేరు ఇవ్వాలంటే ముందుగా ఉత్తరం రాయాలి.